బీరకాయ కంపెనీకి గుమ్మడికాయ

ముందు ఉద్యోగమంటూ దొరకాలి, అదేం ఉద్యోగమో ఇంట్లో తర్వాత చెప్పుకోవచ్చు అనుకునే రోజులవి. బయోటెక్నాలజీ చదివిన నాకు విజయవాడలో మొదటి కొలువు, అక్కడికక్కడే బీరు కాచి అమ్మే ఒక రెస్టారెంట్లో దొరికింది. ధైర్యం చేసి ఇంట్లో "బీరు తయారీ" అని గొణిగాను. చెవుడున్న నాయనమ్మ, "బీరకాయా? పచ్చళ్ళ కంపెనీ అన్నమాట!" అని సత్యనారాయణపురంలో మా వీధంతా చాటింపు వేసేసింది. నేను కాదనలేదు (అనడానికి నోరు పెగలాలిగా!). మందు మాటెత్తితేనే లేచి వెళ్ళిపోయే నాన్న (ఆయన గూడ్సు బండి గార్డు) పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

దసరాల ముందు మా బాసుకి సీజన్ స్పెషల్ బీరు కాయాలని బుద్ధి పుట్టింది, అదీ జపాన్ గుమ్మడికాయతో! "గుజ్జు సంగతి నువ్వు చూసుకో. ఈ బ్యాచ్ కుదిరితే నీ ఉద్యోగం పర్మనెంటు, లేదంటే వేరే చోట చూసుకో" అన్నాడు. అక్కడి వంటగదిలో పొయ్యి ఖాళీ లేక, కాయల బస్తా ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను. ముదురాకుపచ్చ రంగులో రాళ్ళలా ఉన్న ఆ కాయల్ని చూసి నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇదేం గుమ్మడే, పండనే లేదు! అయినా బీరకాయ కంపెనీకి గుమ్మడికాయెందుకు?" కొత్త రకం పచ్చడన్నాను. కత్తి తీసేసరికి చెయ్యి పట్టుకుంది. "ఒసేయ్, ఆడపిల్లవి, గుమ్మడికాయ మీద మొదటి కత్తి పెడతావా! మీ నాన్నని పిలువు."

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. నాన్న లుంగీ ఎగ్గట్టి, కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని కూర్చున్నాడు. కాయ పగిలితేగా! చెమటలు కక్కుతూ ఒక్కొక్కటీ నరుకుతుంటే (జన్మలో చుక్క ముట్టని మనిషి!) నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక ఆగలేక, "నాన్నా, ఇవి పచ్చడికి కాదు, బీరుకి" అనేశాను.

నాన్న కత్తి ఆపలేదు. "తెలుసు. నీ యూనిఫాం ఉతికి ఆరేసేది నేనేగా" అన్నాడు (అమ్మ పోయాక బట్టల పని ఆయనదే). "బీరకాయకి ఆ కంపెక్కడిదే?"

"మరి కోస్తున్నావేం?"

"మొదటి కత్తి మగాడు పెట్టాలందిగా మీ నాయనమ్మ. నా పని అంతవరకే. మిగతాది నీ ఉద్యోగం. పాడు చేసుకోకు."

బీరు కుదిరింది, ఉద్యోగం నిలిచింది. ఇప్పుడక్కడ బీరు కాయించేది నేనే, కాయలు కోయడానికి మనుషులూ ఉన్నారు. అయినా ఏటా వానలు తగ్గగానే నాన్న ఫోన్ చేస్తాడు. "అమ్మాయ్, మీ పచ్చడి కాయలు దిగాయా?" దిగాయంటే కత్తి సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేస్తాడు. రెస్టారెంట్ లోపలికి మాత్రం అడుగు పెట్టడు. వెనక వాకిట్లో స్టూలేస్తాను. ఆయన మొదటి కాయ కోసేదాకా నేను పొయ్యి వెలిగించను. అలా కూర్చున్న ఆయన్ని చూసినప్పుడల్లా, ఆ రోజు వణికిపోయిన నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. పిచ్చి మొహం, బీరు వాసన దాచగలననుకుంది, అదీ బట్టలుతికే నాన్న దగ్గర.