ఉతకని పరిగె సంచి

మొన్న ఆదివారం ఆదోనిలో మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు వరుసగా మూడో వారం కూడా తీర్పు దినం మీదే ప్రసంగిస్తూ మైకులో కేకలు పెట్టేసరికి, పక్కన కూర్చున్న నా మనవరాలు చెవులు మూసుకుని నా కొంగులో తల దూర్చింది. పిల్లల్ని చర్చికి తీసుకుపోయేది వణికించడానికా అని నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడు అందరికీ తీర్పు తీర్చే ఆ దినం కోసం పండగకు ఎదురుచూసినట్టు ఎదురుచూసిన మనిషి చేతుల్లో పెరిగినదాన్ని నేను.

ఆ మనిషి మా అమ్మ. మాది హొళగుంద దగ్గర పల్లె, కూలిబతుకు. వేరుశనగ పీకడం అయ్యాక మట్టిలో మిగిలిపోయిన కాయల్ని కూలివాళ్లు గెలికి ఏరుకోవచ్చు, దాన్నే పరిగె అంటాం. నా ఎనిమిదో ఏట, అమ్మ సంచి నిండా పరిగె ఏరుకుని గట్టెక్కుతుంటే, రాశిలోంచి దొంగిలించిందని ఆసామి మనిషి పట్టుకుని ఊరి చావడికి లాక్కుపోయాడు. రాశిలో కాయ ఎండి శుభ్రంగా ఉంటుంది, పరిగె కాయకు పచ్చిమట్టి అంటుకుని ఉంటుంది. సంచిలో చెయ్యి పెడితే తేలిపోయే సంగతి. చావడిలో కూర్చున్న పెద్దల్లో ఒక్కరూ చెయ్యి పెట్టలేదు, అమ్మను ఒక్క మాటా అడగలేదు. ఇక ఆ ఊరి చేలలో అడుగుపెట్టకూడదని చెప్పి, కాయలు ఒంపుకుని, ఖాళీ సంచి విసిరేశారు.

ఎమ్మిగనూరుకు వచ్చి మగ్గాల దగ్గర నూలు చుట్టే పనికి కుదిరాక కూడా ఆ సంచి ఎర్రమట్టితోనే మా దూలానికి వేలాడింది. పెద్దక్క ఒకసారి దాన్ని ఉతకబోతే అమ్మ లాక్కుంది.

"ఉతికితే నేనేం సూపించాల మే? ఆడ నన్ను అడిగినోడు లేడు. ఆ దినాన దేవుడు అడుగుతాడు."

పోయేముందు సంచిని కూడా తనతో సమాధిలో పెట్టమంది. పెట్టాము.

ఆరాధన అయ్యాక ఇదంతా పాస్టరుగారికి చెబితే, భయం ఉంటేనే జనం దారికొస్తారమ్మా అన్నారు, గడియారం చూసుకుంటూ.

"తప్పు చేసినోళ్లను బెదిరించండయ్యా, వద్దనను. తమ మాట ఎవురూ యినని వాళ్లకు ఆ దినమే కదా దిక్కు? అది గూడా సెప్పండి."

చూద్దాం అన్నారు.

అమ్మ ఉన్న రోజుల్లో మట్టిగోడల ప్రార్థన గుడిలో చాప మీద కూర్చుని, ఆయన తీర్పు తీర్చ వస్తున్నాడని పాడుతుంటే కూలి ఆడవాళ్ల గొంతులు పైకప్పు తాకేవి. ఇప్పుడు టైల్సు వేసిన చర్చిలో అదే మాటకు అందరమూ తలలు వంచుకుంటున్నాము. ఇంటికి వస్తూ, దేవుడు నిజంగా ఆ సంచి చూస్తాడా అని మనవరాలు అడిగింది. చెయ్యి పెట్టి మరీ చూస్తాడని చెప్పాను.