అడిగి తెచ్చుకున్న పంపు

హైటెక్ సిటీ కట్టడాలు లేస్తున్న రోజుల్లో మాదాపూర్‌లో బస్సెక్కాను. ఒళ్లో మందు కొట్టే పంపు ఉంది. అది ఒక వరి రైతును అడిగి తెచ్చుకున్నది. బాచుపల్లిలో నేను కౌలుకు వేసిన పెసర ఆకులు పసుపెక్కితే, గ్రంథాలయంలో చదివి జింకు లోపమని తేల్చాను. ముందురోజే సగం చేనుకు జింకు నీళ్లు పిచికారీ చేశాను. మిగతా సగానికి ఇప్పుడు వెళ్తున్నాను.

ఇదంతా పక్క సీట్లోని నడివయసు ఆమెకు గర్వంగా వివరించాను. సున్నపు తేట కలపాలన్న సంగతి కూడా వదల్లేదు. ఆమె వింటూనే పంపు మూత తీసి వాసన చూసింది.

"అన్నా, దీంతోని వరిల గడ్డిమందు కొట్టిన్రు. సబ్బునీళ్లతోని కడిగినవా?"

"లేదక్కా. మామూలు నీళ్లతో కడిగాను."

"గీ ముచ్చట నీ బుక్కుల రాయలేదా? గా మందు పంపుల జెరంత మిగిలినా పప్పుచేన్లు మాడ్తయి, మా కంది గిట్లనే మాడింది. నిన్న కొట్టినకాడ కొసలు మెలిపడ్డయా, చూసినవా?"

చూడలేదు.

ఆమె మూత గట్టిగా బిగించింది. "మిగిలిన సగం జోలికి పోకు" అని నిజాంపేటలో దిగిపోయింది.

చేను చేరాక గట్టు మీద చాలాసేపు తల ఎత్తలేకపోయాను. ఎత్తేసరికి, నిన్న కొట్టిన మొక్కల కొసలన్నీ మెలిపడి ఉన్నాయి.

ఆ ఏడు ఇంటికి వచ్చిన పెసలన్నీ నేను కొట్టని సగంలోవే.