తర్వాతి ఓడలో వచ్చిన పెళ్లి

మా చిన్నప్పుడు... డాలీగంజ్‌లో మా వంటింటి గడప మీద కూర్చుని అమ్మ సీరియల్ చదువుతుంటే, మా బాబాయి ఎదురుగా ఉన్న అన్నం ముట్టకుండా వినేవాడు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అండమాన్‌లో పాతుకుపోయిన కుటుంబం మాది. బాబాయికి దీవుల మధ్య తిరిగే బోట్ల మీద పని. ఒకసారి ఆయన నికోబార్ వైపు వెళ్లినప్పుడు ఇక్కడ పిన్ని జ్వరంతో పోయింది. బోటుకి కబురు చేసే దారి లేదు. ఫీనిక్స్ బే రేవులో దిగి, పిన్నికిష్టమని ఎండుచేపల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చేసరికి అన్నీ అయిపోయాయి...

అంటే, మాకు పోయిన మనిషి ఆయనకు మాత్రం బోటులో ఉన్నన్నాళ్లూ బతికే ఉంది. ఈ ముక్క నాకు బుర్రకెక్కడానికి సగం జీవితం పట్టింది.

బాబాయి ఏడవలేదు. తిండి మానేశాడు. నానమ్మ ఇంట్లో ఉన్న తాళ్లన్నీ ఏరి ఎక్కడో దాచేసింది. చేద తాడు కూడా! నీళ్లు పక్కింటి నుంచి మోసుకొచ్చుకునేవాళ్లం... కారణం ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆయన్ని కూర్చోబెట్టగలిగింది ఆ సీరియల్ ఒక్కటే.

అసలు మా వారపత్రికల భాగోతం చెప్పాలి. ఓడ వస్తే నాలుగైదు వారాలవి ఒక్కసారే వచ్చేవి. లేదంటే అసలు వచ్చేవి కావు. మా చేతికి చేరేసరికి పది ఇళ్లు తిరిగి, అట్టలూడిపోయి ఉండేవి. నానమ్మ సీరియల్ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. ఆవిడకు అక్షరం ముక్క రాదు గానీ, అంచులు సమంగా లేకపోతే నిద్ర పట్టదు. సంచికల నంబర్లన్నీ ఆవిడ కత్తెర పాలే...

సరే, కథ. ఒకడు లాంచీలో గోదావరి దాటుతాడు. అవతలి ఒడ్డున దిగితే నలభై ఏళ్ల వెనకటి కాలం. అక్కడ ఒకమ్మాయి. తిరిగి ఇవతలికి వస్తే ఆ అమ్మాయి ఎప్పుడో గతించిన మనిషి. అదీ వాడి ప్రేమ.

ఒక సాయంత్రం అమ్మ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "ఇంక లేదు" అంది.

"ఉంది వదినా. కాగితం కనిపిస్తాంది. సదువు."

చదివింది. అతను ఇవతలి ఒడ్డున ఉండగా ఆ అమ్మాయి జ్వరంతో పోయింది. ఆ తర్వాతి కాగితం మా దాకా రాలేదు, ఏ ఇంట్లోనో పొట్లమైపోయి ఉంటుంది. బాబాయి లేచి చీకట్లోకి నడిచాడు. నాన్న చెప్పుల్లేకుండా వెనక పరిగెత్తాడు...

ఆయన్ని వెనక్కి తీసుకొచ్చాడు గానీ, తర్వాతి ఓడ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ ఆ పుస్తకం ముట్టలేదు.

ఆ ఓడలో ఇంకొన్ని కాగితాలొచ్చాయి. అమ్మ భయపడుతూనే మొదలుపెట్టింది. చూస్తే... ఆ అమ్మాయి పెళ్లికూతురై, కాపురానికొచ్చి, చింతపండు పిసుకుతూ "ఇంతసేపా?" అని మొగుడిని తిడుతోంది!

"ఏటే, బతికిందా?" అంది నానమ్మ.

"బతకడమేటమ్మా! ఆడు లాంచీ ఎక్కి మళ్లీ ఎనక్కెళ్లాడు" అన్నాడు బాబాయి. ఆ మాట అంటూనే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నానమ్మ గబుక్కున మొహం తిప్పుకుంది.

ఆ కాగితాల్నీ వచ్చిన వరసలోనే కుట్టేసింది నానమ్మ. ముందు చావు, తర్వాత పెళ్లి. కాలంలో వెనక్కెళ్లే కథ కదా, మా వాడలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

రోజూ అదే గొడవ. "వదినా, ఆ చింతపండు ముక్క మళ్లీ సదువు."

తోటి బోటువాడు ఒకతను వేళాకోళం ఆడాడు. "అరె భయ్యా, ఆ లాంచీకి టికెట్ మన ఫీనిక్స్ బేలో ఇస్తారా?"

బాబాయి నవ్వలేదు. "ఇస్తే ఒకటే తీసుకుంటాను. రావడానికొద్దు."

అది విన్న రోజు నుంచీ నాన్న ఆయన పక్కనే పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో విశాఖపట్నం నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. మంచి మనిషే. మా పుస్తకం తిరగేసి ఫక్కున నవ్వింది. "ఇదేమిటండీ, తారుమారుగా కుట్టారు! పెళ్లి ముందండీ. అమ్మాయి పోవడం ఆ తర్వాత. ఆఖర్న అతను రేవుకొస్తే అసలు లాంచీయే ఉండదు."

అమ్మ ఆవిడ కాలు తొక్కింది గానీ అప్పటికే నోరు జారిపోయింది. బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు.

"కుట్లు ఇప్పు అమ్మా" అన్నాడు.

"ఇప్పను పోరా! ఆవిడకేటి తెలుసు?"

"ఇప్పమ్మా... సరైన వరసలో ఒక్కసారి ఇంటాను. టీచర్ దీదీ, మాకు రాని ఆ కాగితం నువ్వు నోటితో సెప్పు."

అమ్మ చదివింది. పెళ్లి, పులుసు, జ్వరం. టీచరమ్మ మిగతాది చెప్పింది. ఖాళీ రేవు... నీళ్లు... అంతే.

అప్పుడు ఏడ్చాడు మా బాబాయి. చితి దగ్గర ఏడవాల్సిన ఏడుపు. పక్కిళ్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. టీచరమ్మా ఏడ్చింది. నానమ్మ మాత్రం ఆయన్ని ఆపొద్దని అందరికీ చేత్తో సైగ చేసి, విడిపోయిన కాగితాలన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎంతసేపటికో దబ్బనం అందుకుని అడిగింది. "ఏ వరసన కుట్టమంటావురా?"

ఆయన ముక్కు చీదుకుని అన్నాడు. "మనకొచ్చిన వరసనే కుట్టెయ్. ఆకలేస్తాంది, ముందు అన్నం పెట్టు."

బళ్లో నాకు పెద్దగా చదువు అబ్బలేదు గానీ, ఆ తర్వాత కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ప్రేమకథలు దొరికినన్ని చదివాను. చదువుకున్నవాళ్లు ఆ కాలయంత్రం ఎలా పనిచేస్తుందని అడుగుతారు. నేను అడగను. వెళ్లినవాడికి అక్కడ "ఇంతసేపా?" అని తిట్టేవాళ్లున్నారా లేదా, అదొక్కటే చూస్తాను. ఆలస్యంగా వచ్చినవాళ్లకే తెలుస్తుంది ఆ కథల రుచి...

ఇప్పుడు ఏ దీవిలో ఉన్నా ఫోను మోగుతుంది. చావు కబురు క్షణంలో చేరిపోతుంది. మంచిదే, కాదనను. కానీ పోయినవాళ్లు మన కోసం ఇంకో నాలుగు రోజులు బతికుండే వీలు మాత్రం ఇక లేదు...

మీ ఇంట్లో ఎవరినైనా ఒక కథ చెయ్యి పట్టుకుని నిలబెట్టిందా? ఉంటే కింద రాయండి. ఎప్పటిదైనా సరే, ఆలస్యమేమీ కాలేదు.