బూడిద చల్లింది నేనే, పైడీ

నిన్న పొద్దున పైడితల్లి కూతురు ఫోన్ చేసింది. "అత్తా, అమ్మ పోయింది" అంది.



మొన్న ఆదివారమే కదా పైడి నాతో ఫోన్లో మాట్లాడింది!
"ఒసే, తోట పూసిందేటే? పువ్వులోకి పురుగొచ్చిందా?"
చూడకుండానే "వచ్చిందే" అనేశాను.

ఎందుకు అడిగిందో మీకు చెప్పాలి.

అది పంతొమ్మిది వందల అరవై ఏడో, ఎనిమిదో. రాజాం దగ్గర కొండవార మా నాన్న సీతాఫలం తోట. పైడి మా పక్కింటిదే, నా ఈడుదే.

ఒకరోజు పువ్వు విప్పి చూస్తే లోపల ఆవగింజంత నల్ల పురుగులు. తోటంతా తినేస్తాయనుకున్నాను. వంగమొక్కలకు చల్లినట్టే పొయ్యిలో బూడిద తెచ్చి, చెయ్యి అందిన ప్రతి పువ్వులోనూ పోశాను.

పురుగులు పోయాయి. పువ్వులూ రాలిపోయాయి.

"ఈ ఏడు కాయ లేపోతే చెట్లు కొట్టీసి జీడి ఏసెస్తాను" అన్నాడు నాన్న. బూడిద చూసి, ఎవరు చల్లారని అరిచాడు.

పైడి నా మొహం చూసింది. "నేనే మావా" అంది. తిట్లన్నీ అదే తింది.

తర్వాత నన్ను లాక్కెళ్ళి పై కొమ్మలు చూపించింది. నా చెయ్యి అందని చోట మాత్రమే పిందెలున్నాయి.
"సూడే, ఈ పురుగులు పువ్వూ పువ్వూ తిరగబట్టే కాయ కడతన్నాది."

మాగిన మామిడి తొక్కలకు ఇవే ముసురుతాయని దానికి తెలుసు. బుట్టలకొద్దీ తెచ్చి చెట్ల మొదళ్ళలో పోసింది. రోజూ భయం భయంగా వెళ్ళి చూసేవాళ్ళం. ఆ తర్వాత పూసిన పువ్వులకు పిందె కట్టింది. నాన్న గొడ్డలి తీయలేదు.

ఈరోజు తోటకెళ్ళాను. ఎన్ని పువ్వులు విప్పానో! ఒక్క పురుగు లేదు. పక్క పొలాల్లో కొడుతున్న మందువల్లేమో. మామిడి తొక్కలు పోసి వచ్చాను.

నాన్న బతికుండగా నిజం చెప్పలేకపోయాను పైడీ. నీ పిల్లలకూ తెలియదు. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను, ఆ బూడిద చల్లింది నేను.

ఆదివారం నీకు చెప్పింది కూడా అబద్ధమే. పురుగు ఇంకా రాలేదే.

వచ్చిన రోజు ముందు నీ ఫొటోకే చెబుతాను. అక్కడైనా ఎవరి తిట్లూ తినకుండా చల్లగా ఉండవే.