రామాపిథెకస్ మీద ఒక్క గీత

పోయిన ఆదివారం డ్యూసెల్‌డార్ఫ్‌లో మా అమ్మాయి ఇంట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక అయ్యాక, పులిహోర తింటున్న ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి తన ఫోనులో ఒక వార్త నా ముందు పెట్టి, మనిషి పుట్టుక గురించి సైంటిస్టులు మళ్ళీ మాట మార్చారు చూడండి ఆంటీ, పూటకో మాట చెప్పేవాళ్ళ పరిణామ సిద్ధాంతాన్ని ఎలా నమ్మమంటారు అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నియాండర్తల్ మనిషి ఎముకలు దొరికిన లోయ మాకు ఎస్-బాన్ లోకల్ రైల్లో కాసేపటి దూరం. వాళ్ళ రక్తం మనలో లేదన్న సైన్సే, కొత్త ఆధారం దొరికాక, ఉందని ఒప్పుకుంది. తప్పు దిద్దుకున్నవాణ్ణి దొంగ అనడం ఎక్కడి న్యాయమండీ?

ఈ మాట నాకు కొత్త కాదు. కృష్ణా జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో నేను టెంపరరీ సైన్సు టీచరుగా ఉన్న రోజుల్లో, మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రామాపిథెకస్ అని ఒకాయన ఉండేవాడు. శివాలిక్ కొండల్లో దొరికిన దవడ ముక్కని బట్టి మన తాతముత్తాతల్లో ఒకడన్నారు, మిషన్ బళ్ళో పిల్లలంతా ఆ రాముడి పేరుగల తాతని గొంతెత్తి వల్లె వేసేవారు. తర్వాత ముఖం ఎముకలు కూడా దొరికేసరికి, అబ్బే, ఇతను ఒరాంగుటాన్ వైపు చుట్టమని తేలింది. పుస్తకంలో తప్పు తేలితే దాని మీద తెల్లకాగితం ముక్క అన్నం మెతుకులతో అంటించేయడం మా బడి ఆచారం. నేను అంటించనివ్వలేదు. పాత పేరు కనబడేలా ఒక్క గీత కొట్టించి, ఎందుకు పోయిందో పక్కన రాయించాను.

ఆ గీత మా కరస్పాండెంటు గారి కంట పడింది. ఆయన సంఘపెద్ద, పాస్టరైన మా నాన్నకి స్నేహితుడు, నా పోస్టు పర్మనెంటు చేసే ఆర్డరు ఆయన చేతిలోనే ఉంది. తప్పని నువ్వే కొట్టించావు కదమ్మా, ఆ పరిణామం పాఠమంతా అబద్ధమని కూడా పిల్లలకి చెప్పేయ్, ఆర్డరిచ్చేస్తాను అన్నారు. ససేమిరా అన్నాను. వంశవృక్షంలో ఒక తాత పేరు తప్పు పడితే అసలు మనకి తాతలే లేరంటామా అని అడిగాను. మర్నాడు ఆయన ఆ పాఠం వాక్యం వాక్యం చదివి, గుర్తులు పెట్టుకుని వచ్చారు. సాయంత్రం దాకా వాదించుకున్నాం, మధ్యలో టీ కూడా తెప్పించారు. చివరికి ఉద్యోగం మాత్రం ఇంకొకావిడకి ఇచ్చారు. ఇంటికొచ్చి భోరుమంటే, మా నాన్న, దేవుడిచ్చిన బుర్రని అమ్ముకోనందుకు ఏడుస్తావేమిటే, లేచి అన్నం తిను అన్నారు. వేరే బళ్ళో ఉద్యోగం దొరికేదాకా కష్టపడ్డాను గానీ, ప్రార్థనా మానలేదు, ఆ పాఠమూ మానలేదు.

అందుకే ఆ అబ్బాయిని నిలదీశాను. నువ్వు రాసిన ప్రోగ్రాంలో తప్పులు నువ్వే దిద్దుతావే, మీ ఆఫీసువాళ్ళు నిన్ను అబద్ధాలకోరు అంటారా అన్నాను. మా మనవరాలు జర్మన్‌లో ఏదో అని కిసుక్కున నవ్వింది. ఆ అబ్బాయికి కోపమైనా రాలేదు. సర్లెండి ఆంటీ, మీ నమ్మకం మీది అంటూ ఫోను జేబులో వేసుకుని ట్రాముకి వెళ్ళిపోయాడు. ఆ వార్త మొత్తం చదివావా నాయనా అని అడుగుదామనుకున్నాను, హెడ్డింగు దాటలేదని మొహమే చెబుతోంది.

నా నోటి దగ్గర కూడు తీసేసిన కరస్పాండెంటు గారి మీద, ఇన్నేళ్ళకి, ఎందుకో బెంగ పుట్టింది. నన్ను ఓడించాలని ఆయన నా పాఠం చదివారు. ఇప్పుడు నా ఉద్యోగం తీసేసేవాళ్ళు లేరు, నాతో పోట్లాడేవాళ్ళూ లేరు.