చలి పట్టిన సిలిండరు

ఆ రోజుల్లో మా నాందేడ్‌లో గ్యాసు సిలిండరు ఉన్న ఇంటిని పదిమందికీ చూపించి చెప్పుకునేవారు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని అది ఇంటి మెట్టు ఎక్కేది కాదు. మా అక్కకైతే అది మరీ అపురూపం. కట్టెల పొయ్యి పొగకు ఆమెకు దగ్గు పట్టుకుంది, రాత్రిళ్లు లేచి కూర్చునేది. కానీ కర్ఖేలిలో ఉండే ఆమె అత్తమ్మకు ఆ ఇనుప బుడ్డి ఎప్పుడో పేలి కొడుకును మింగేస్తుందని భయం. ఆదివారం సాయంత్రం బండికి వచ్చి కళ్లారా చూస్తానని, మనసుకు రాకపోతే వాపసు పంపించాల్సిందేనని కబురు పెట్టింది. ఆమె వద్దంటే ఆ ఇంట్లో ఇక మాట లేదు. అందుకని అక్క గ్యాసంతా దాచిపెట్టి, ఆ రాత్రి పొగ లేకుండా పూరీలు పొంగించి అత్తగారిని మెప్పించాలని పట్టుదలగా ఉంది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మరాఠీ బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం కొత్తగా దొరికి, అక్కాబావల దగ్గరే ఉండేదాన్ని. బడిలో పిల్లలు పిలిచినట్టే బావ కూడా నన్ను ఎగతాళిగా ‘బాయీ’ అనేవాడు. ఆయన పత్తి మిల్లులో బాయిలరు చూసేవాడు, సాయంత్రాలు భజన మండలిలో తాళాలు వాయించేవాడు. ఆ ఏడు ఆయనకు కిడ్నీలో రాయి ఉందని తేలింది. బీరు తాగితే రాయి పడిపోతుందని మిల్లులో ఎవరో చెవిన వేశారు (డాక్టరు చెప్పలేదు, బావ అడగనూ లేదు). భజన చేసే మనిషి వెళ్లి ఆ దుకాణం ముందు నిలబడితే పరువేం కావాలి? అందుకని తానే ఇంట్లో కాచుకోవాలనుకున్నాడు. పాత ఫోర్‌మన్ ఒకాయన చెప్పిన పద్ధతి కాగితం మీద రాసుకొచ్చాడు. బార్లీ మొలకెత్తించి ఎండబెట్టాడు, చేదుకు నేలవేము తెచ్చాడు, పులియడానికి బేకరీ నుంచి ఖమీరు అడిగి తెచ్చాడు. అక్క మాత్రం బీరు కాచే గంగాళం కడప దాటి లోపలికి రాకూడదని ఖండితంగా చెప్పింది. సరే, వెనక వాకిట్లోనే కాచుకుంటానన్నాడు. పెళ్లిళ్ల వంటవాడి దగ్గర పెద్ద గ్యాసు పొయ్యి కూడా అడిగి తెచ్చాడు.

గ్యాసు ఎంత పోతుందో తేల్చే పని నాకు పడింది. నేను వంటింట్లో చిన్న పొయ్యి మీద మూతపెట్టి ఒక బిందె నీళ్లు కాచాను. కాచక ముందూ, కాచిన తర్వాతా సిలిండరును మిల్లు కాంటాకు వేలాడదీసి తూచాం. ఒక బిందెకు ఇంత అయితే గంగాళంలో పట్టే నాలుగు బిందెలకు ఎంత? గోడ మీద సుద్దతో వేసి, సిలిండరులో సగం మిగులుతుందని, పూరీలకు ఢోకా లేదని ప్రకటించాను. అక్క నా లెక్కను నమ్మి ఒప్పుకుంది. ఎంతైనా చెల్లెలు బాయీ కదా.

ఆదివారం పొద్దున చలి కొరికేస్తోంది. బావ పొయ్యి ముట్టించగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. అంత మంట అంతకు ముందు చూడలేదు. నీలంగా, వరద వస్తున్న చప్పుడుతో గంగాళాన్ని చుట్టుముట్టింది. బార్లీ కషాయం మసలుతుంటే కొత్తగా కాల్చిన రొట్టె వాసన వాకిలంతా కమ్ముకుంది. అక్క కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని (పాపం తగలకుండా కాబోలు) కడప మీద నిలబడి చూసింది. అప్పుడు నా చూపు సిలిండరు మీద పడింది. దానికి చెమట పట్టింది. చూస్తుండగానే ఆ చెమట గడ్డకట్టి, అడుగు నుంచి నడుము దాకా తెల్లని మంచయింది. ఒక పక్క ఆ మంట, బారెడు దూరంలో ఈ మంచు! వేలితో గీస్తే గీత పడింది. ఊటీ కూడా చూడని దాన్ని, మా వెనక వాకిట్లో మంచు పుట్టడం చూసి మళ్లీ మళ్లీ గీశాను. బాయిలరు బావ కూడా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

కాసేపటికి మంట కుంగింది. గాలి వీచినప్పుడల్లా పక్కకు ఒరిగి, చిన్నదై, చివరకు చుక్కంత మిగిలి ఆరిపోయింది. గాలి! నా లెక్కలో గాలి లేదు. మూత తీసి గంటసేపు మసలించాలన్నదీ లేదు. నేను కాచింది నాలుగు గోడల మధ్య మూత పెట్టిన బిందె. బావ తల పట్టుకుని, “ఖతం అయింది బాయీ,” అన్నాడు. అక్క కట్టెలు తేవడానికి లోపలికి వెళ్లింది. ఆమె దగ్గు వినిపించింది. నాకు ఆ గోడ మీది సుద్ద గీతల్ని నాలుకతో చెరిపేయాలనిపించింది.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ వెనక తలుపులోంచి వచ్చింది. సాయంత్రం దాకా ఆగలేక పొద్దున బండే పట్టుకుందట. గంగాళం ఏమిటని అడిగితే బావ, రాయికి కషాయమన్నాడు. ఆమె ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇంత చేదు మందు తాగుతున్నాడా నా కొడుకు అని కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ భయంకరమైన బుడ్డి దగ్గరకు వెళ్లి, దేవుణ్ని తలుచుకుని అరచెయ్యి ఆనించి, టక్కున తీసేసింది.

“గింత సల్లగున్నదేందిరా? ఇది పేలుతదని నాకు ఎవడు చెప్పిండు?”

“గ్యాసు అయిపోయిందమ్మా,” అన్నాడు బావ.

“అయిపోవుడు కాదు, సలి వట్టింది దానికి. ఎండల వెట్టుండ్రి జర.”

లెక్కల టీచరుగా నవ్వాలనిపించింది. కానీ బావ సిలిండరును ఎండలోకి జరిపాడు. అత్తమ్మ దాని పక్కనే పీట వేసుకుని, చంటిపిల్లను కాచుకున్నట్టు కూర్చుంది. మధ్యాహ్నానికి మంచు కరిగి కాళ్ల దాకా కారింది. దాన్ని వంటింట్లో బిగించి అక్క అగ్గిపుల్ల గీసింది. నీలం మంట లేచింది. గ్యాసు అయిపోలేదు, ఆ పెద్ద మంటకు గబగబా ఆవిరై సిలిండరే చల్లబడి, అడుగున మిగిలిన ద్రవం ఇక గ్యాసుగా లేవలేకపోయిందంతే. అయిపోయిందనుకున్న ఆ గ్యాసుతోనే ఆ రాత్రి పూరీలన్నీ పొంగాయి.

భోజనం దగ్గర అత్తమ్మ సగంలో చెయ్యి ఆపి కోడలి వైపు చూసింది. “పొద్దుగాల కట్టెలు తీస్తప్పుడు దగ్గినవు. ఇప్పుడు పూరీలు కాల్సేటప్పుడు దగ్గలే. ఇది ఇంట్లనే ఉంటది, బిడ్డా.” అక్క ఆమె పళ్లెంలో ఇంకో పూరీ వేసింది.

బీరు మాత్రం పులిసి, పులిసి, కంపు కొట్టి మోరీ పాలైంది. బావ రాయి అత్తమ్మ పెట్టిన ఉలవకట్టు తాగుతుండగా ఎప్పుడో పడిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో మంట సన్నబడితే నా చెయ్యి ముందు సిలిండరు మీదికే వెళ్తుంది. చల్లగా తగిలితే, గోడ నిండా లెక్కలు వేసి గాలినీ చలినీ మరిచిపోయిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎండ ఎటు పడిందా అని వాకిట్లోకి చూస్తాను.