మస్తానన్న స్కీయింగ్ పుస్తకంలో నేను కలిపిన మాట

నిన్న పొద్దున నాయుడుపేట నుంచి ఫోన్. "మస్తానన్న పోయినాడు" అన్నారు.

"యాడికి?" అన్నాను.

జోక్ కాదు. నిజంగానే అడిగాను. ఆయన పోవడమంటే శుక్రవారం నమాజు కాగానే బండేసుకుని కోట ఊరి వైపు సముద్రానికి పోవడమే నాకు తెలుసు.

ఛాతీలో మంటగా ఉందని సోడా తాగాడట. ఆసుపత్రికి బయల్దేరేలోపే అయిపోయిందట.

ముప్పై తొమ్మిదేళ్లు.

నా పోస్టులు నవ్వుకోవడానికే చదివే మహాజనులారా, ఈరోజు కూడా మధ్యలో నవ్వొస్తుంది. నవ్వండి. కానీ ఒక అబద్ధం ఒప్పుకోవాలి నేను. దానికోసమే రాస్తున్నాను.

తెలియనివాళ్లకు: మస్తానన్న నాయుడుపేటలో పరుపులు కుట్టేవాడు. మా దొరవారిసత్రంలో సగం పెళ్లిళ్లకు పరుపులు ఆయనవే. తలలో, మీసాల్లో, కనురెప్పల మీద ఎప్పుడూ దూది.

ఒకరోజు పాత పేపర్ల కట్టలో ఆయనకో ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట మీద తెల్లటి గుట్టలు. వాటి మీద ఎగురుతున్న ఒక మనిషి. అన్న దాన్ని పరుపుల పుస్తకం అనుకున్నాడు.

"రేయ్ ఇంజినీరూ, ఎవుర్రా ఈడు? బూట్లేసుకోని దూది తొక్కతా ఉండాడు?"

అది దూది కాదన్నా, మంచు అన్నాను. మంచుకొండ వాలు మీద గతుకులుంటాయి, మొగల్స్ అంటారు, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని వాటి మీదుగా జారుతూ దిగడం ఒక ఆట అని చెప్పాను.

అంతే. ఆయన పని అయిపోయింది. నా పని కూడా, ఎందుకంటే చదివిపెట్టాల్సింది నేనే.

ఆ తర్వాత ఇంకో రెండు పుస్తకాలు తెప్పించాడు. నాలుగేళ్ల ఇంజినీరింగులో తెరవనన్ని పేజీలు ఆయన కొట్లో తెరిచాను. మోకాళ్లు గతుకును మింగెయ్యాలి. తల ఊగకూడదు. చూపు కాళ్ల కింద కాదు, మూడో గతుకు మీద ఉండాలి. నేను చదువుతుంటే, కొలతలు రాసుకునే పెన్సిల్‌తో అన్న మార్జిన్‌లో తెలుగులో రాసుకునేవాడు.

గతుకు నెత్తిన తిరగమని ఒక పుస్తకం, పక్క గాడిలో తిరగమని ఇంకో పుస్తకం. ఏది నమ్మాలన్నా అంటే, "పెద్దోళ్లు గదరా, వాళ్లూ వాళ్లూ చూసుకుంటార్లే" అని రెండూ ప్రాక్టీస్ చేసేవాడు.

కోట దగ్గర ఇసుక దిబ్బ మా మంచుకొండ. పారతో గతుకులు తవ్వాం. తాటి మట్టలు చెక్కి సైకిల్ ట్యూబుతో బూట్లకు కట్టాం. చేతుల్లో సరుగుడు కర్రలు. మొదటి ఏడాది అన్న దిగింది తక్కువ, దొర్లింది ఎక్కువ.

పక్కన రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లు మేత వేయడం ఆపి మరీ చూసేవాళ్లు. "ఏం భాయ్, మా రొయ్యే నీకన్నా బాగా ఎగరతాది!"

"అది ఎనక్కి ఎగరతాది. నేను ముందుకు పోవాల" అనేవాడు, మీసాల్లో ఇసుక దులుపుకుంటూ.

ఇప్పుడు అబద్ధం.

ఒక శుక్రవారం క్రికెట్ మ్యాచ్ ఉంది. అన్నేమో ఊపిరి ఎలా వదలాలో చెప్పే చాప్టర్ తెరిచాడు. పద్నాలుగు పేజీలు. నాకు ఓపిక లేదు. పేజీ మీద వేలు పెట్టి, మా స్కూల్ హెడ్మాస్టర్ గొంతుతో చదివేశాను: "గతుకు ఎక్కునప్పుడు గట్టిగా ఒక పేరు పిలవవలెను. అప్పుడు ఊపిరి బిగియదు."

అన్న పెన్సిల్ ఆపాడు. "ఎవురి పేరు?"

"అది రాయలేదన్నా."

మట్టలు భుజాన వేసుకుని దిబ్బ ఎక్కాడు. పైన కాసేపు నిలబడ్డాడు. మొదటి గతుకు.

"షకీలా!"

వదిన పేరు.

పదమూడేళ్ల కాపురం. ఆమెను పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. ఇంట్లో "ఇదో", "ఏమ్మే". బయట "మా ఇంట్లో". వాళ్ల నాన్నా అంతే, మా నాన్నా అంతే. అలాంటి మనిషి సముద్రం వినేలా గతుకు గతుక్కీ "షకీలా! షకీలా!" ఆరోదాని దగ్గర దొర్లాడు. ఇసుక ఉమ్మేసి మళ్లీ ఎక్కాడు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. వీడియో కూడా తీశాను.

ఒకసారి వదిన అన్నం క్యారియర్ తీసుకుని వచ్చింది. చెవులారా వింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఏందిది, అందురూ ఇంటా ఉండారు" అంది.

"పుస్తకంలో రాసుండాది మే. నేనేం జేసేది?"

ఈ జనవరికి నిజం మంచుకొండలకు టికెట్లు తీసుకున్నాం. ఆయనకూ నాకూ. రైల్లోనే అసలు సంగతి చెప్పెయ్యాలనుకున్నాను. నేను నవ్వితే వేరు. కొత్తవాళ్లు నవ్వితే నేను తట్టుకోలేను.

నిన్న మట్టి ఇచ్చి వచ్చాక వదిన పిలిచింది. కర్టెన్ అవతల నుంచే అడిగింది.

"అబ్బయ్యా, చదువుకున్నోడివి. ఆ పుస్తకంలో నిజంగా అట్ట రాసుండాదా? పేరు పిలవమని?"

"ఉండాది వదినా."

"దాన్ని రాసినోళ్లు సల్లంగుండాల. లేకుంటే ఆ నోట నా పేరు ఇనేదాన్నే గాదు."

వచ్చేశాను.

వదినా, ఈ పోస్ట్ మీ చెల్లెలు నీకు చదివి వినిపిస్తుంది. పుస్తకంలో ఆ మాట లేదు. మ్యాచ్ తొందరలో నేను కల్పించాను. నీకు ముందే చెప్పాల్సింది. ఆయనకూ చెప్పాల్సింది. క్షమించు.

కానీ నేను కల్పించింది "ఒక పేరు" వరకే. ఎవరిదో నేను చెప్పలేదు, ఏ పుస్తకమూ చెప్పలేదు. వాళ్లమ్మ పేరుంది. దేవుడి పేరుంది. దిబ్బ ఎక్కేలోపు ఆయన వెతుక్కున్నది నీ పేరు.

అది అన్న సొంతం వదినా. ఎవరూ రాసివ్వలేదు.

సలామ్, మస్తానన్నా. పైవాడు నిన్ను నెమ్మదిగా ఉంచాలి.